ఎముకల వార్డులో రాత్రి డ్యూటీ: చిక్కులన్నీ ఒకే వేళకు ఎందుకు కూడుకుంటాయి

మన ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ గురించి ఒక తప్పుడు అంచనా బలంగా పాతుకుపోయి ఉంది. రౌండ్లు, ఆపరేషన్లు, ఓపీ, డ్రెస్సింగులు, డిశ్చార్జీలు అన్నీ పగలే ముగిసిపోతాయి కనుక, రాత్రి నిద్రపోయే రోగులకు వేళకు మందులిచ్చి కనిపెట్టుకుని ఉండడమే నర్సు పని అన్నది ఆ అంచనా. సిబ్బందిని కేటాయించేటప్పుడు కూడా ఇదే లెక్క నడుస్తుంది. ఎముకల వార్డుకు ఈ లెక్క ఎంతమాత్రం పనికిరాదు. ఎముక విరిగిన మనిషికి కాలో, చెయ్యో, ఒక్కోసారి ప్రాణమో పోగొట్టే చిక్కులు చాలా సందర్భాల్లో తలెత్తేది రాత్రి వేళే. వాటిని గుర్తించవలసిన నర్సు శరీరం అతి మందంగా ఉండేదీ ఆ వేళే. ఈ రెండూ కలిసిరావడానికి స్పష్టమైన కారణాలున్నాయి.

మొదటి కారణం ఆసుపత్రి బయటే ఉంది. దేశంలో రోడ్డు ప్రమాదాలు అత్యధికంగా జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య అని కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలు చెబుతున్నాయి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. బతికి బయటపడిన వారిలో ఎందరో తొడ ఎముకో, మోకాలి కింది ఎముకో విరిగి ఆసుపత్రికి చేరతారు. 2005లో 108 అంబులెన్సులు వచ్చినప్పటి నుంచి తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకటి కంటే త్వరగా చేరుతున్నారు. క్యాజువాల్టీలో చూసి, ఎక్స్‌రే తీసి, స్లాబ్ (ఒక వైపు మాత్రమే ఉండే పిండికట్టు) వేసి వార్డుకు పంపేసరికి రాత్రి పదకొండో పన్నెండో అవుతుంది. విరిగిన చోట వాపు అప్పటికింకా పెరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం ఆపరేషన్ అయినవారికి వెన్నులో ఇచ్చిన మత్తు సాయంత్రానికి దిగిపోతుంది, నరానికి ఇచ్చిన మత్తు అర్ధరాత్రికో తెల్లవారుజాముకో దిగుతుంది. పగలంతా అణిగి ఉన్న నొప్పి పెద్ద డాక్టర్లందరూ ఇళ్లకు వెళ్లిన తరువాత పైకి వస్తుంది.

ఈ గంటల్లో అన్నిటికంటే ముందు కనిపెట్టవలసినది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. మోకాలి కింద కండరాలు నాలుగు అరలుగా ఉంటాయి, ఒక్కో అరను సాగే గుణం లేని గట్టి పొర చుట్టి ఉంటుంది. ఎముక విరిగి లోపల రక్తం చేరినా, నలిగిన కండరం ఉబ్బినా ఆ పొర సాగదు కనుక అరలో ఒత్తిడి పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక కండరానికి రక్తం అందించే కేశనాళికలు మూసుకుపోతాయి, రక్తం అందని కండరం మరింత ఉబ్బుతుంది, దానితో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇలా సుమారు ఆరు గంటలు గడిస్తే కండరమూ నరమూ తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటాయి. సమయానికి గుర్తిస్తే మాత్రం చికిత్స ఉంది: చర్మాన్నీ ఆ పొరనూ నిలువునా కోసి ఒత్తిడిని విడుదల చేస్తారు. అందువల్ల పదకొండింటికి వార్డుకు వచ్చిన యువకుడి కాలు నిలవడమా పోవడమా అన్నది తరచుగా తెల్లవారేలోపే, అంటే ఒక్క నర్సు డ్యూటీ వేళలోనే తేలిపోతుంది.

దీన్ని గుర్తించడంలో చాలామంది పొరబడేది నాడి దగ్గర. పాదం మీద నాడి అందుతోంది, వేళ్లు వెచ్చగా ఉన్నాయి, కాబట్టి రక్తం బాగానే ఆడుతోందని అనుకుంటారు. పై బీపీ 120 ఉన్న మనిషికి అరలో ఒత్తిడి 50కి చేరినా పెద్ద ధమని మూసుకుపోదు, నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. అంతకంటే ఎంతో తక్కువ ఒత్తిడితో నడిచే కేశనాళికలు మాత్రం అప్పటికే మూతపడి ఉంటాయి. కింది బీపీకీ అరలోని ఒత్తిడికీ మధ్య తేడా 30 కంటే తగ్గితే ప్రమాదమని సర్జన్లు లెక్క వేసేది ఇందుకే. నాడి ఆగేదాకా, పాదం చల్లబడేదాకా ఎదురుచూస్తే సమయం మించిపోతుంది.

నమ్మదగిన తొలి గుర్తు నొప్పే. గాయానికి మించిన నొప్పి, ఇంజెక్షన్‌కు లొంగని నొప్పి, గంటగంటకూ పెరిగే నొప్పి. నర్సు తన చేత్తో కాలి వేళ్లను మెల్లగా కిందికి వంచినప్పుడు రోగి తట్టుకోలేక కేక పెడితే, అది ముందరి అరలో రక్తం అందక అలమటిస్తున్న కండరం సాగినందువల్ల. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మాన్ని తాకి తిమ్మిరి ఉందేమో చూడడం రెండో పరీక్ష, ఎందుకంటే ఆ అర గుండా వెళ్లే నరం స్పర్శనిచ్చేది సరిగ్గా ఆ కాస్త చోటుకే. ఈ రెంటికీ ఏ యంత్రమూ అక్కరలేదు, ఒక టార్చిలైటు, రెండు నిమిషాల సమయం చాలు. అనుమానం కలిగితే డాక్టరును పిలుస్తూనే చేయవలసిన పనులున్నాయి. పిండికట్టును నిలువునా చీల్చాలి, దాని కింద చుట్టిన దూదిని కూడా చర్మం కనిపించేదాకా కత్తిరించాలి, ఎందుకంటే రక్తం తడిసి ఎండిన దూది కూడా పట్టీలా బిగుసుకుంటుంది. మామూలు వాపుకు కాలును దిండ్ల మీద ఎత్తి ఉంచడం మంచిదే, ఇక్కడ మాత్రం గుండెతో సమానమైన ఎత్తుకు దించాలి. ఎత్తిన కాలికి రక్తం చేరడం మరింత కష్టమవుతుంది.

పిల్లల విషయంలో ఇది ఇంకా జటిలం. చెట్టు మీద నుంచో మేడమెట్ల మీద నుంచో పడి మోచేతి పైన ఎముక విరిగిన అయిదారేళ్ల పిల్లవాడు తన నొప్పి ఎలాంటిదో చెప్పలేడు. వాడి దగ్గర చూడవలసినవి మూడు: కుదురులేని ఆందోళన, ఊరడించినా ఆగని చిరాకు, నొప్పి మందు ఇచ్చే వ్యవధి అంతకంతకూ తగ్గవలసి రావడం. వాణ్ణి మొండివాడని పక్కన పెట్టిన రాత్రికి మూల్యం వాడి వేళ్లు చెల్లిస్తాయి. బిగుతు కట్టు వల్ల ముంజేతి కండరాలు చచ్చి వేళ్లు కొంకర్లు పోవడాన్ని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించాడు, ఆ వైకల్యానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1960లలోనే నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై తరువాత నిమ్స్‌గా ఎదిగిన సంస్థ ఉన్న మన ప్రాంతంలో నేటికీ నాటుకట్టు బిగుసుకుని, వేళ్లు నల్లబడిన తరువాత ఆసుపత్రికి వచ్చే పిల్లలున్నారు. ఆ తల్లిదండ్రులను తిట్టడానికి అర్ధరాత్రి సమయం కాదు. కట్టు ఎప్పుడు వేశారో, వేళ్లు ఆడించడం ఎప్పుడు మానేశాడో వారి నుంచి రాబట్టడం చాలా ముఖ్యం, భయపడినవారు ఆ సంగతులు దాచేస్తారు.

నర్సు గుర్తించినంత మాత్రాన పని పూర్తి కాదు, గుర్తించినదాన్ని నిద్రలో ఉన్న మరొకరికి ఫోనులో నమ్మించాలి. "సార్, 14వ బెడ్ పేషెంటు బాగా నొప్పి అంటున్నాడు" అని చెబితే, ముప్పై గంటలుగా డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు నోటి నుంచి నొప్పి మందు ట్రమడాల్ ఇవ్వమన్న జవాబు రావడం సహజం. "14వ బెడ్, ఎడమ మోకాలి కింది ఎముక విరిగింది, రాత్రి తొమ్మిదికి స్లాబ్ వేశారు. ఒంటిగంటకు ట్రమడాల్ ఇచ్చాను, తగ్గలేదు, పెరిగింది. వేళ్లు వంచితే ఓర్చుకోలేకపోతున్నాడు, బొటనవేలి పక్కన స్పర్శ తగ్గింది. స్లాబ్ విప్పుతున్నాను, మీరు వెంటనే వచ్చి చూడాలి" అని చెబితే ఏ డాక్టరూ పడుకుని ఉండలేరు. ఈ తేడా మాట తీరుకు సంబంధించింది మాత్రమే కాదు. రెండో విధంగా చెప్పాలంటే నర్సు అప్పటికే రెండు పరీక్షలు చేసి, వేళలు రాసుకుని ఉండాలి, ఆ పైన డాక్టరును రమ్మనే అధికారం తనకుందన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని పోగొట్టే వాతావరణం మన ఆసుపత్రుల్లో ఉంది. ఒకసారి అనవసరంగా లేపావని కసురుకున్న వార్డులో మరుసటి రాత్రి ఫోను అరగంట ఆలస్యమవుతుంది, అది ఆ ఆరు గంటల్లో నుంచి పోయే అరగంట.

రెండో రాత్రి, మూడో రాత్రి చిక్కులు వేరు. తొడ ఎముక విరిగినప్పుడు మూలుగలోని కొవ్వు బిందువులు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ మెదడుకూ చేరవచ్చు, ఇది సాధారణంగా గాయమైన 24 నుంచి 72 గంటల్లోపు బయటపడుతుంది. రోగికి ఆయాసం వస్తుంది, మాట తడబడుతుంది, తికమక పడతాడు, కొందరికి ఛాతీ మీద, చంకల్లో, కంటి రెప్పల లోపల సన్నని ఎర్రని చుక్కలు తేలతాయి. సరిగ్గా ఇదే వ్యవధిలో మరో సంగతి జరుగుతుంది. రోజూ తాగే అలవాటున్న మనిషి ప్రమాదం వల్ల ఒక్కసారిగా మందు మానవలసి రావడంతో రెండో మూడో రాత్రికి చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనబడుతున్నట్టు మాట్లాడతాడు. వయసు అదే, గాయం అదే, గంట కూడా అదే. తలకు తగిలిన దెబ్బ వల్ల లోపల రక్తస్రావం అవుతుండడం మూడో అవకాశం. తాగుడు అలవాటున్నవాడు కదా అని ఒక నిద్ర ఇంజెక్షన్‌తో సరిపెడితే మిగతా రెండూ కప్పబడిపోతాయి. అందుకే ముందు ఆక్సిజన్ శాతం చూడాలి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో గడియారం పెట్టుకుని లెక్కించాలి, కంటిపాపలు సమానంగా ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. తాగుడు సంగతి ఇంటివారిని అడగవలసింది అడ్మిషన్ రోజునే, అదీ నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి. భర్త తాగుతాడని భార్య పదిమంది మధ్య ఒప్పుకోదు.

తుంటి విరిగిన పెద్దవారి తికమక మరో రకం. పగలంతా మనవల పేర్లు చెప్పి మాట్లాడిన పెద్దావిడ రాత్రి ఒంటిగంటకు సెలైన్ పీకేసుకుని, ఇంటికి పోతానని మంచం దిగబోతుంది. కుటుంబం దాన్ని మతి చలించిందనో గాలి సోకిందనో అనుకుంటుంది. నిజానికి అది శరీరంలో ఎక్కడో జరిగిన మార్పును మెదడు తెలియజేసే తీరు: రక్తంలో సోడియం తగ్గడం, ఆక్సిజన్ చాలకపోవడం, మూత్రం బిగబట్టి ఉండడం, మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, చాలీచాలని నొప్పి మందు, లేక అతిగా ఇచ్చిన మత్తు మందు. కళ్లజోడు, వినికిడి యంత్రం తీసి సంచిలో పెట్టేయడం కూడా ఒక కారణమే, చీకట్లో తానెక్కడున్నదీ ఆమెకు తెలియదు. చేతులు కట్టేస్తే తికమక మరింత పెరుగుతుంది. కూతురు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, అమ్మా ఇది ఆసుపత్రి, నేనిక్కడే ఉన్నానని మళ్లీ మళ్లీ చెప్పడం చాలాసార్లు మందు కంటే బాగా పనిచేస్తుంది. అరిచి గోలచేసే రోగిని ఎవరైనా గుర్తిస్తారు. ఏ కదలికా లేకుండా మగతగా పడి ఉండే రకమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే రాత్రి పూట అది నిద్రలా కనిపిస్తుంది.

ఇక్కడ రోగి సహాయకుల గురించి చెప్పాలి. మంచం కింద చాప వేసుకుని పడుకునే ఆ తల్లి, తమ్ముడు, భార్య మన వార్డుల్లో జీతం లేని రాత్రి సిబ్బంది. ఏ లెక్కలోనూ వారు కనబడరు, ఏ శిక్షణా వారికి అందదు. అందువల్ల ప్రేమతోనే తప్పులు చేస్తారు. కాలు లాగుతోందని కొడుకు ఏడిస్తే ట్రాక్షన్ బరువును, అంటే విరిగిన ఎముకను వరుసలో ఉంచేందుకు కాలికి వేలాడదీసిన బరువును, కుర్చీ మీద ఆనించి పెడతారు, అప్పుడు విరిగిన ఎముక మళ్లీ పక్కకు జరుగుతుంది. పిక్క నొప్పిగా ఉందంటే నూనె రాసి మర్దన చేస్తారు, అక్కడ రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఉదయం ఆపరేషన్ ఉన్నవాడికి తెల్లవారుజామున ఆకలేస్తుందని ఇడ్లీ పెడతారు, దానితో ఆపరేషన్ వాయిదా పడుతుంది. దెబ్బ తగిలిన పాదానికి మెట్టెలు, దెబ్బ తగిలిన చేతికి ఉంగరాలు అలాగే ఉంచేస్తారు, వాపు పెరిగాక అవి వేలిని కోసేస్తాయి. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కగానే ప్రతి మంచం దగ్గరా ఒక్క నిమిషం ఆగి, ఏం చేయకూడదో, ఏం కనబడితే తనను లేపాలో చెప్పే నర్సుకు ఆ వార్డులో మరో ముప్పై జతల కళ్లు దొరుకుతాయి. వారి చేత పని చేయించుకోవడం నా ఉద్దేశం కాదు. వారు ఎలాగూ మేలుకుని ఉంటారు కనుక, ఏది చూడాలో తెలిసి మేలుకుని ఉండడం మంచిది.

ఇక నర్సు శరీరం సంగతి. మెదడులోని ఒక చిన్న కేంద్రం వెలుతురును ఆధారం చేసుకుని శరీరంలోని ప్రతి కణానికీ పగలూ రాత్రీ చెబుతూ ఉంటుంది. ఆ కణాల లోపలి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత కనిష్ఠానికి దిగుతుంది, చురుకుదనం కూడా దానితోపాటే దిగుతుంది. మొదటి నైట్ డ్యూటీ రోజున ఉదయం ఏడింటికి లేచి, ఇంటి పనులు చేసుకుని, పగలు నిద్రపోకుండా వచ్చిన నర్సుకు అర్ధరాత్రికి మేలుకుని పదిహేడు గంటలవుతుంది. పదిహేడు గంటలు నిద్ర లేని మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా తగ్గుతుందని 1997లో వెలువడిన పరిశోధన చూపింది. మన చట్టం ప్రకారం వాహనం నడపడానికి అనుమతించే హద్దు 0.03 శాతం. ఆ స్థితిలో ఆమె ఇంకా ఎనిమిది గంటలు మందుల మోతాదులు లెక్కించాలి, తిమ్మిరికీ స్పర్శకూ మధ్య సన్నని తేడాను వేలికొసలతో పట్టుకోవాలి. కళ్లు బాగా మూతలు పడే వేళకే ఆ ఆరు గంటల గడువు కూడా ముగియబోతూ ఉంటుంది. దీన్ని ఆమె పట్టుదలకు వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలవాటైతే సర్దుకుంటుందన్న మాట చాలావరకు నిజం కాదు. లోపలి గడియారం రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరుగుతుంది, వారం రాత్రులు చేసి అది సగం తిరిగేసరికి మళ్లీ పగటి డ్యూటీ వస్తుంది. రాత్రి పనిని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది.

సంఖ్య దగ్గరికి వస్తే, టీచింగ్ ఆసుపత్రుల సాధారణ వార్డుల్లో మూడు పడకలకు ఒక నర్సు, అంటే ఒక్కో షిఫ్టులో తొమ్మిది పడకలకు ఒకరు ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం అదనంగా ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్కన 36 పడకల వార్డుకు రాత్రి నలుగురు కావాలి. మన పెద్దాసుపత్రుల్లో రాత్రి గడిపినవారికి కనిపించేది ఒకరో ఇద్దరో. పైగా ఈ ప్రమాణం పడకలను లెక్కిస్తుందే తప్ప బరువును లెక్కించదు. వెన్నెముక దెబ్బతిన్న మనిషిని మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి పక్కకు తిప్పాలంటే కనీసం నలుగురు పట్టాలి. పడక పుండ్లు పడకుండా ఎనిమిది మందిని రెండు గంటలకోసారి తిప్పాలనుకుంటే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున ఆ రెండు గంటల్లో నలభై నిమిషాలు అక్కడే గడిచిపోతాయి, ఆ నలభై నిమిషాలు పిండికట్టు కాళ్లను చూసేవారుండరు. కేస్ షీటులో మాత్రం అన్నీ చేసినట్టు టిక్కులు పడతాయి. ఆ టిక్కుకు నర్సును దోషిని చేయడం తేలిక, వేళకు చేతులు చాలని వార్డును నడిపినవారిని అడగడమే కష్టం.

చేయదగినవి ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఖర్చు కూడా లేదు. రాత్రి రెండింటికి ముందు ఇరవై నిమిషాల కునుకును దొంగచాటుగా కాకుండా డ్యూటీ చార్టులో రాసి, వంతుల వారీగా ఇవ్వాలి. లేచాక పావుగంట మందకొడిగా ఉంటుంది కనుక ఆ పావుగంట మందులు కలిపే పని పెట్టుకోకూడదు. కునుకు తీయడానికి లోపల గడియ వేసుకోగల గది ఉండాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో రాత్రి డ్యూటీ మధ్యలో సెమినార్ హాలులో విశ్రమించిన యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం తరువాత కూడా ఈ కోరికను సౌకర్యంగా చూసేవారికి ఏం చెప్పాలో తెలియదు. టీ తాగవలసింది రాత్రి మొదటి సగంలో. మూడు దాటాక తాగితే అది ఉదయం నిద్రను పాడుచేస్తుంది. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరుసలో మారితే శరీరం కొంత సులభంగా తట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే తట్టుకోలేదు. మంచాల మధ్య రోగిని జరిపే జారుడు షీట్లు నర్సుల నడుములను కాపాడతాయి, వాటి ధర ఒక ట్రాక్షన్ మంచం ధరలో చిన్న భాగం కూడా ఉండదు.

ఉదయం ఎనిమిదింటికి దిగిన నర్సుకు ఇల్లు రెండో డ్యూటీ కాకూడదు. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే ఎలాగూ తక్కువే వస్తుంది, దాని మధ్యలో వంట, బడి నుంచి వచ్చే పిల్లలు, చుట్టాల ఫోన్లు చేరితే మిగిలేది నాలుగు గంటలు. గదికి మందపాటి తెరలు, తలుపుకు లోపలి గడియ, మధ్యాహ్నం మూడింటి వరకు ఎవరూ పిలవకూడదన్న ఒప్పందం ఇంట్లోవారు ఇవ్వగలిగినవి. ఆసుపత్రి ఇవ్వవలసినది వేరే ఉంది. వరుసగా మూడు రాత్రులకు మించి వేయకూడదు, ఆ తరువాత రెండు పూర్తి రోజుల సెలవు ఇవ్వాలి. డ్యూటీ దిగిన ఉదయాన్నే నైట్ ఆఫ్‌గా లెక్కించి ఒక సెలవు ఇచ్చామని చెప్పే పద్ధతి మానాలి, ఎందుకంటే ఆ రోజు బాకీపడిన నిద్ర తీర్చుకోవడానికే చాలదు.